ఎటోబికో: చివర్న కె ఉంది గానీ లేదు

మా అమ్మకి కెనడాలో నేనుండే ఊరి పేరు మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు కాసేపు ఏం మాట్లాడలేదు, లైన్ కట్టయిందేమో అనుకున్నా. తర్వాత మెల్లగా "ఏటిరా, ఏటో కోకా?" అంది. కాదమ్మా, ఎటోబికోక్ అన్నాను. "అదేరా, ఏటో కోక. మన పొందూరు లాగ బట్టలు నేసే ఊరా అది?" అని అడిగింది. చీరాల పేరులో చీర ఉన్నట్టు ఈ ఊరి పేరులో కోక ఉంది కదా, అంచేత ఆవిడ అడిగింది సబబుగానే ఉంది, నాకే ఏం చెప్పాలో తెలీక నవ్వేసి ఫోన్ పెట్టేశాను.

నవ్వాను గానీ ఆ పేరు అమ్మకంటే నేనేం గొప్పగా పలకలేదు, ఎందుకంటే ఆ చివరి "క్" అసలు పలకకూడదు. అది తెలిసింది ఇంకో రెండ్రోజులకి. ఆల్బియన్ రోడ్డూ కిప్లింగ్ అవెన్యూ కలిసేచోట, ఆల్బియన్ మాల్ దగ్గర బస్ స్టాప్‌లో, సెప్టెంబర్ నెలే అయినా జర్కిన్ వేసుకుని నిలబడి, పక్కన ఒక పంజాబీ అంకుల్ ఉంటే "ఈ బస్సు ఎటోబికోక్ వెళ్తుందా అంకుల్" అని అడిగాను. ఆయన నన్ను, నా చేతిలో కాలేజీ వాళ్ళిచ్చిన కవర్ని, నా కొత్త బూట్లని వరసగా చూసి హిందీలో అన్నాడు, "బేటా, నువ్వు నిలబడిందే ఎటోబికోలో". కో దగ్గర ఆపేశాడు. నేను అడిగింది రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్‌లో నిలబడి "ఈ బస్సు రాజమండ్రి పోద్దా" అని అడిగినట్టన్నమాట. ఆ రోజు రెండు తెలిసినయి, ఒకటి కె పలకరు, రెండోది ఎటోబికో అంటే ఒక స్టాప్ కాదు, ఒక సెంటర్ కాదు, అదొక పెద్ద ప్రాంతం, పడమటి టొరంటో మొత్తం అదే.

సరే ఇంగ్లీషులో ఎలా రాస్తారో చూడండి: ఇ, టి, ఓ, బి, ఐ, సి, ఓ, కె, ఇ. తొమ్మిది అక్షరాలు. పలికేది ఎ-టో-బి-కో. మొదటి ఎ మీద అస్సలు బరువు పెట్టకూడదు, ఉందా లేదా అన్నట్టు వదిలేసి టో మీద గట్టిగా పడాలి, బి తేలిగ్గా, కో దగ్గర ఆగిపోవాలి. చివర్లో కె-ఇ చూసి కోక్ అన్నారంటే కొత్తగా దిగారని ఎదుటివాళ్ళకి అర్థమైపోద్ది, కూల్‌డ్రింకు పేరు లాగ వినిపిస్తది కాబట్టి కొంతమంది నవ్వుతారు కూడా. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "ఎటోబికోక్‌లో బేస్‌మెంట్ ఖాళీ, వెజ్ ఓన్లీ, ఇద్దరు షేరింగ్" అని ఇప్పటికీ పోస్టులు వస్తూనే ఉంటాయి, వాళ్ళని ఏం అనను, తెలుగులో రాసుకునేటప్పుడు కళ్ళకి కనిపించిందే చేతికి వస్తది.

ఈ నగరానికి ఈ అలవాటు బాగానే ఉంది లెండి. టొరంటోనే ఇక్కడ పుట్టినోళ్ళు టొరంటో అనరు, రెండో "ట" మింగేసి టొరానో అంటారు, ఇంకా తొందరలో ఉంటే ట్రానో. డౌన్‌టౌన్‌లో స్పడైనా అవెన్యూ ఉంది, కొండ, మిట్ట అనే అర్థం వచ్చే ఇక్కడి ఆదివాసీ మాట నుంచి వచ్చింది ఆ పేరు. రోడ్డుని స్పడైనా అంటారు, అదే పేరుతో ఉన్న పాత బంగళా మ్యూజియం ఉంటే దాన్ని మాత్రం స్పడీనా అనాలంట! స్పెల్లింగ్ ఒకటే. ఒకే మాట రోడ్డు మీద ఒకలాగ, గేటు దాటి లోపలికెళ్తే ఇంకోలాగ. దీని గురించి వేరే పోస్టు రాయొచ్చు, ఇప్పుడు ఎటోబికోకి వద్దాం.

అర్థం సంగతి. ఈ చుట్టుపక్కల నేల మిసిసాగా అనే జనానిది, అనిషినాబే జాతిలో ఒక శాఖ వాళ్ళు, మన వాళ్ళంతా ఇళ్ళు కొనుక్కునే మిసిసాగా ఊరికి ఆ పేరు వాళ్ళ వల్లే. వాళ్ళు ఈ చోటుని వదూపికాంగ్ అనేవాళ్ళు. వాళ్ళ భాష కూడా మన తెలుగులాగే ముక్క పక్కన ముక్క అతికించుకుంటూ పోయే భాష. వదూప్ అంటే ఆల్డర్ చెట్టు. ఇకా అంటే అవి బాగా, గుబురుగా ఉండటం. చివర్న ఉన్న ఆ "ంగ్" ఉంది చూశారూ, అది మన "లో", "దగ్గర" లాంటి విభక్తి. అంటే మొత్తం కలిపి ఆల్డర్ చెట్లు బాగా ఉన్నచోట. మనకి చింతలపూడి, వేపగుంట, మామిడికుదురు ఎలాగో అలాగ. చెట్టు పేరు పెట్టి ఊరు పిలవడం అన్ని చోట్లా ఉన్నదే, కాకపోతే మన ఊరి పేర్లలో విభక్తి పేరుకి అతుక్కుని ఉండిపోదు, ఇక్కడ అతుక్కుంది.

ఇప్పుడు అసలు నాకు నచ్చిన ముక్క. ఎటోబికో దక్షిణాన ఒంటారియో సరస్సు ఒడ్డున మిమికో అని ఒక పేట ఉంది, గో ట్రైన్ (ఇక్కడి లోకల్ రైలు) కూడా ఆగుద్ది. దాని అసలు పేరు ఒమీమీకా, అంటే అడవి పావురాలు బాగా ఉన్నచోట. ఒమీమీ పావురం, ఆ "కా" మళ్ళీ అదే, బోలెడు ఉండటం. అంటే మిమికోలో కో, ఎటోబికోలో కో రెండూ ఒకటే ముక్క! మిమికోకి చివర్న "లో" లేదు కాబట్టి కె రాలేదు. ఎటోబికోకి "లో" ఉంది, ఆ "ంగ్" ఇంగ్లీషు చెవుల్లో పడి క్ అయ్యి, కాగితం మీద కె-ఇ అయ్యి కూర్చుంది. తర్వాత జనం నోట్లో ఆ క్ పడిపోయింది. నా లెక్క ప్రకారం ఇక్కడి జనం పలకడం మానేసింది ఆ విభక్తిని, అంతే. "చింతలపూడిలో"ని "చింతలపూడి" అన్నట్టు. వాళ్ళు తెలిసి చేశారని కాదు, ఊరికే అలా జరిగింది, కానీ ఇది పట్టుకున్న రోజు నేను రాత్రి పన్నెండింటికి రూమ్మేట్‌ని లేపి మరీ చెప్పాను, వాడు "రేపు నాకు ఆరింటికి షిఫ్ట్ రా బాబు" అని దుప్పటి కప్పుకున్నాడు.

ఆ పావురాల గురించి ఒక్క మాట. ఇప్పుడు మిమికోలో కనిపించే బూడిదరంగు పావురాలు కాదవి. పాసెంజర్ పిజియన్ అనే జాతి, గుంపుగా ఎగిరితే గంటలకి గంటలు ఎండ కనపడేది కాదంటారు. కాల్చి, వలలేసి, అడవులు కొట్టి మొత్తం అవగొట్టేశారు. ఆఖరిది మార్తా అనే ఆడపావురం, అమెరికాలో సిన్సినాటీ జూలో 1914 సెప్టెంబర్ 1న చచ్చిపోయింది. పక్షి పోయింది, మిమికో స్టేషన్ బోర్డు మీద దాని పేరు ఉంది, ట్రైన్ ఆగినప్పుడల్లా అనౌన్స్‌మెంట్ వస్తది.

సరే స్పెల్లింగ్ ఎవడు పెట్టాడు? ఇంగ్లీషోడికి చెవులు సరిగ్గా లేక ఏదో రాసేశాడని నేనూ అనుకున్నా. కాదు. 1790ల్లో ఇక్కడ గవర్నమెంట్ సర్వేయర్‌గా అగస్టస్ జోన్స్ అని ఒకాయన ఉండేవాడు, గొలుసు పట్టుకుని ఈ అడవులన్నీ కొలిచింది ఆయనే, ఆయన కాగితాల్లో ఈ పేరు "అటో-బి-కోక్" లాగ రాసుకున్నాడు, చివరి ముక్కలో ఓ-ఏ-కె-ఇ ఉంటది. ఈయన ఊరికే విని రాసేసిన మనిషి కాదు, ఆదివాసీ భాషలు మాట్లాడగలడు, ఆయన కొడుకుల్లో ఒకడి తల్లి మిసిసాగా ఆవిడే. ఆ కొడుకు పీటర్ జోన్స్, 1802లో పుట్టాడు, తర్వాత మెథడిస్ట్ పాస్టరు, క్రెడిట్ నది మిసిసాగాల పెద్ద అయ్యాడు, బైబిల్ భాగాలు, కీర్తనలు వాళ్ళ భాషలోకి మార్చాడు. అంటే ఆ "కోక్" రాసింది భాష వచ్చినోడే. వాళ్ళ మాటలో వ లీలగా ఉంటది, ద-కి ట-కి, ప-కి బ-కి మధ్య ఇంగ్లీషులో ఉన్నంత గీత ఉండదు, అందుకని వదూప్ కాస్తా అటోబ్ అయ్యిందని సులువుగానే ఊహించుకోవచ్చు.

1795లో లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ గ్రేవ్స్ సిమ్కో ఆ పేరునే అధికారికంగా ఖాయం చేశాడు. ఇది నాకు వింతే, ఎందుకంటే ఈ సిమ్కోగారికి ఇక్కడి పేర్లంటే పడదు. రెండేళ్ళ ముందు 1793లో టొరంటోకి యార్క్ అని పేరు మార్చింది ఆయనే, పక్కనున్న నదికి హంబర్ అని, తూర్పున స్కార్బరో అని, అన్నీ ఇంగ్లండ్‌లో ఊళ్ళ పేర్లూ నదుల పేర్లూ తెచ్చి ఇక్కడ అతికించారు. యార్క్ మళ్ళీ 1834లో టొరంటో అయింది. హంబర్, స్కార్బరో అలాగే ఉండిపోయాయి. ఎటోబికో ఒక్కటి ఆయన చేతిలో పడి కూడా బతికి బయటపడింది.

ఇక్కడ మా ఊరి గొడవ ఒకటి చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస పక్కన. ఇంట్లో ట్రంకుపెట్టెలో మా ముత్తాత గారి కాలం భూమి కాగితాలుంటాయి, అంచులు పురుగులు తినేసినవి, వాటి మీద ఇంగ్లీషులో "చికాకోల్" అని స్టాంపు. అప్పుడు మేము గంజాం జిల్లా కింద ఉండేవాళ్ళం, 1936లో ఒడిశా విడిపోయినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకొచ్చాం, 1950లో సొంత జిల్లా అయ్యాం. ఆమదాలవలసలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు ఇప్పుడు శ్రీకాకుళం రోడ్డు, అప్పట్లో చికాకోల్ రోడ్డు. చిన్నప్పుడు ఆ స్టాంపు చూసి దొరగారు శ్రీకాకుళం అనడం కూడా రాని మొద్దు అనుకునేవాడిని, స్కూల్లో మాస్టారు కూడా అలాగే చెప్పేవారు, బందరుని మసూలిపటం చేశారు, కాకినాడని కొకనాడా చేశారు, ఏలూరుని ఎల్లోర్ చేశారు, నోరు తిరగని జాతి అని.

కానీ మా అమ్మమ్మ ఎప్పుడూ శ్రీకాకుళం అనలేదు. సిక్కోలు అనేది. "సిక్కోలు ఎల్లొస్తాను", "సిక్కోలు సంతకి పోనారు". మా వైపు ఇప్పటికీ పెద్దోళ్ళందరికీ అది సిక్కోలే. సిక్కోలు, చికాకోల్. పక్కపక్కన పెట్టి చూడండి ఒకసారి. దొర మొద్దు కాదు, జనం నోట్లో ఉన్న మాటని విని రాశాడు, శ్రీకాకుళం అని రాసుకున్నది మనం, పలికింది సిక్కోలు. సిక్కాల సంచులు విప్పే చోటు కాబట్టి సిక్కా ఖోల్ అయిందని ఒక కథ కూడా చెప్తారు, అది వినడానికి బాగుంటది అంతే, టొరంటో అంటే "కలుసుకునే చోటు" అని ఇక్కడ టూరిస్టులకి చెప్పే కథ లాంటిది. (టొరంటో అసలు మోహాక్ భాషలో నీళ్ళలో చెట్లు నిలబడి ఉన్నచోట, అదీ ఇక్కడ కాదు, ఉత్తరాన సిమ్కో సరస్సు దగ్గర ఇరుకులో చేపల కోసం పాతిన గుంజల గురించి. ఆ పేరు దారి పట్టుకుని వంద కిలోమీటర్ల పైన నడిచి ఇక్కడికొచ్చింది.)

మన తెలుగులో రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం అని ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పుకున్నా, కెనడావాళ్ళ కె గురించి వెక్కిరించా, తీరా చూస్తే మా సొంత జిల్లా పేరులోనే రాసేది ఒకటి పలికేది ఒకటి. ఇప్పుడు ఎవరైనా ఎటోబికోక్ అంటే నేను నవ్వను, ఏమాటకామాట, వాళ్ళు రెండొందల ఏళ్ళ కిందటి సర్వేయర్ రాసిన ఉచ్చారణ పలుకుతున్నారు.

ఆల్డర్ చెట్టు గురించి చెప్పలేదు. దీనికి తెలుగులో పేరు లేదు, మన వైపు పెరగదు, దాని చుట్టాలు హిమాలయాల్లో ఉన్నాయి. ఇక్కడి రకం చెట్టు అనేకంటే పెద్ద పొద అనొచ్చు, ఒకే మొదలు నుంచి నాలుగైదు కాండాలు లేస్తాయి, బెరడు మీద తెల్లటి మచ్చలు. కొమ్మ నరికితే లోపల తెల్లగా ఉండి కాసేపటికి నారింజ రంగులోకి తిరుగుద్ది, దెబ్బ తగిలి రక్తం వచ్చినట్టు. చిన్న చిన్న కాయలు కాస్తది, బుల్లి దేవదారు కాయల్లా, చలికాలం అంతా ఎండిపోయి కొమ్మలకే వేలాడుతుంటాయి. వేళ్ళలో ఒక రకం సూక్ష్మజీవులు ఉండి గాల్లో నత్రజనిని మట్టిలోకి పట్టిస్తాయి, మన జీలుగ, జనుము చేసే పనే. ముఖ్యమైన సంగతేంటంటే దానికి తడి కావాలి. ఏటి గట్టు, ఊట నేల, వర్షాకాలం మునిగే చోటు, అక్కడే గుబురుగా లేస్తది.

అంటే వదూపికాంగ్ అనే పేరులోనే ఇది నీళ్ళొచ్చే నేల అని చెప్పి ఉంది. ఆ పేరున్న ఎటోబికో క్రీక్ అని ఏరు ఒకటి ఉంది, మిసిసాగాకీ టొరంటోకీ సరిహద్దు అదే, వెళ్ళి లాంగ్ బ్రాంచ్ దగ్గర సరస్సులో కలుస్తది. ఆ కలిసేచోట జనం ఇళ్ళు కట్టుకున్నారు, ట్రైలర్లు పెట్టుకుని ఉన్నారు. 1954 అక్టోబర్ 15 రాత్రి హేజెల్ తుఫాను వచ్చింది. సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి చచ్చిపోతుందిలే అనుకున్న తుఫాను, ఒక్క రాత్రిలో ఏళ్ళన్నీ పొంగాయి. హంబర్ పక్కన రేమోర్ డ్రైవ్ అనే వీధిలో ఇళ్ళకి ఇళ్ళు కొట్టుకుపోయి 35 మంది పోయారు, ఆ వీధి కూడా ఎటోబికో కిందదే. కెనడాలో మొత్తం 81 మంది. ఎటోబికో క్రీక్ మొగలో కూడా ఇళ్ళు పోయి మనుషులు పోయారు. ఆ తర్వాత అక్కడ మళ్ళీ ఇళ్ళు కట్టనివ్వలేదు, పార్కు చేశారు, అప్పటి లాంగ్ బ్రాంచ్ ఊరి పెద్ద మేరీ కర్టిస్ పేరు పెట్టారు దానికి. హైదరాబాద్‌లో పేరు చివర కుంట అని ఉన్న కాలనీలో ప్లాట్ కొని, వానాకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చాయని ఏడ్చే మా బావకి ఈ కథ చెప్పాను. "నువ్వు ముందే చెప్పుంటే బాగుండేది" అన్నాడు, నేను ఇక్కడికి రాకముందే కొన్నాడు ఆయన.

ఈ నేల చేతులు మారిన సంగతి కూడా పేరుతో పాటే చెప్పుకోవాలి. 1787లో బ్రిటిష్‌వాళ్ళు మిసిసాగాల దగ్గర కొన్నామన్నారు, తర్వాత చూస్తే దస్తావేజు ఖాళీ, పెద్దల గుర్తులు వేరే కాగితం మీద ఉంటే తెచ్చి దానికి అతికించారు. అది నిలబడదని వాళ్ళకే భయమేసి 1805లో మళ్ళీ రాయించుకున్నారు, రెండున్నర లక్షల ఎకరాలు, ఆ కాగితం మీద రాసిన ధర పది షిల్లింగులు. అందులో పడమటి హద్దు ఈ ఎటోబికో ఏరే. దావా సాగి సాగి 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లిచ్చి సెటిల్ చేసుకుంది. మా ముత్తాత కాగితాల్లో కూడా హద్దులు ఇలాగే ఉంటాయి, తూర్పున ఫలానా గెడ్డ, పడమర ఫలానావారి చింతచెట్టు.

వాడుక సంగతికొస్తే, చట్టం ప్రకారం ఎటోబికో అనే ఊరు ఇప్పుడు లేదు. ఒకప్పుడు టౌన్‌షిప్, తర్వాత బరో, 1980ల్లో సిటీ కూడా అయింది, 1998 జనవరి 1న మిగతా వాటితో కలిపి ఆరింటినీ ఒకే టొరంటో చేసేశారు. అయినా ఎవరూ మానలేదు. ఉత్తరాల మీద ఎటోబికో అని రాస్తారు, చేరిపోతాయి, పోస్టల్ కోడ్ ఎం8, ఎం9తో మొదలైతే చాలు. ఎలక్షన్ నియోజకవర్గాలు ఎటోబికో నార్త్, ఎటోబికో సెంటర్, ఎటోబికో లేక్‌షోర్. మేయర్ చేసిన రాబ్ ఫోర్డ్ ఇక్కడోడు, ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డగ్ ఫోర్డ్ వాళ్ళన్న, ఆయన సీటు ఎటోబికో నార్త్. డౌన్‌టౌన్ వాళ్ళు "ఎటోబికోనా, అంత దూరమా" అని ముఖం పెడతారు, కిప్లింగ్ మెట్రోలో చివరి స్టేషన్ కాబట్టి. ఇక్కడివాళ్ళలో వాళ్ళకి మాత్రం ఎటోబికో అనే మాటతో పని తక్కువ, రెక్స్‌డేల్ అంటారు, మిమికో అంటారు, లేదంటే "ఫించ్ అండ్ కిప్లింగ్", "ఇజ్లింగ్టన్ అండ్ బ్లూర్" అని రెండు రోడ్లు కలిపి చెప్తారు. నేను బస్ స్టాప్‌లో దొరికిపోయింది అందుకే. ఎటోబికో అనేది బయటోడికి చెప్పేటప్పుడు వాడే మాట. ఇంకా బయటోడికైతే టొరంటో. ఇండియాకైతే కెనడా, అయిపోయింది.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. రాకముందు నెల్రోజులు ఫోన్లో ప్రాక్టీస్ చేయించాను, ఎయిర్‌పోర్టులో ఎక్కడుంటావని అడుగుతారు, ఎటోబికో అనాలి, కోక అనకూడదు అని. బయటికొచ్చాక ఎలా అయిందమ్మా అంటే "అడిగినాడు, సెప్పీసినాను, ఎటోబికో" అంది, టో మీద బరువు, కో దగ్గర ఫుల్‌స్టాప్, నాకు సంవత్సరం పట్టింది అలా పలకడానికి.

ఒక ఆదివారం స్ట్రీట్‌కార్ ఎక్కించి లాంగ్ బ్రాంచ్ తీసుకెళ్ళా, అక్కణ్ణుంచి నడుచుకుంటూ మేరీ కర్టిస్ పార్కు. ఊరికి పేరిచ్చిన చెట్టు చూపిస్తానని చెప్పి ఏటి గట్టు వెంబడి ఆవిడని గంట నడిపించాను. చివరికి ఒకటి దొరికింది, గుండ్రటి ఆకులు, బుల్లి కాయలు, నీళ్ళకి ఆనుకుని. గొప్పగా ఫోన్ తీసి యాప్‌లో ఫోటో కొట్టా. ఆల్డరే అని వచ్చింది, కానీ యూరోపియన్ ఆల్డర్ అని వచ్చింది. యూరప్ నుంచి తెచ్చి నాటితే పాకిపోయిన రకం, ఇక్కడి మొక్కల్ని తొక్కేస్తుందని చిట్టాలో పెట్టారు. అమ్మకి చెప్పాను, ఇది కాదమ్మా, దీని చుట్టం, బయటినుంచి వచ్చింది అని. అమ్మ ఒక ఎండిన కాయ తుంచి అరచేతిలో పెట్టుకుని చూసి, "బయటినుంచొచ్చినా ఈ నీళ్ళకాడే ఉంటంది కదా" అని పర్సులో వేసుకుంది. స్థానిక రకం కోసం ఇంకో అరగంట తిరిగాం, దొరకలేదు, మోకాళ్ళు నొప్పంటే బెంచీ మీద కూర్చున్నాం.

అక్కడ కూర్చునే పిన్నికి వీడియో కాల్ చేసింది. సరస్సు చూపించింది, బాతులు చూపించింది, నన్ను చూపించింది. పిన్ని ఏ ఊరక్కా అది అని అడిగింది. అమ్మ నా వైపు ఓసారి చూసి, "ఏటోకోక" అంది. ఇదేంటమ్మా ఆఫీసరుకి అంత బాగా చెప్పావు అంటే ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వుండరా. దానికి ఇలగ సెప్తేనే గుర్తుంటాది" అంది.